కోటిలింగం వాటా గ్యాసు

లంకపేట ఏరియా ఆసుపత్రికి కొత్త మత్తు యంత్రం వచ్చిన రోజున దానికి కొబ్బరికాయ కొట్టారు, గుమ్మడికాయతో దిష్టి తీశారు, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి ముందుకు తోశారు. మత్తు మందు పోసే సీసాకు బొట్టు పెడుతుంటే కుంకుమ దాని మరలోకి జారింది. ఆ మర మళ్లీ తిరగడానికి డాక్టర్ హైమవతికి రెండు రోజులు, ఒక ఇంజక్షన్ సూది పట్టాయి. పద్దెనిమిదేళ్లుగా ఆ ఊరి జనాన్ని ఆపరేషన్ బల్ల మీద నిద్రపుచ్చేదీ, లేపేదీ ఆవిడే. నిద్రపుచ్చడం ఎవరైనా చేస్తారు, లేపడమే తన ఉద్యోగం అని ఆవిడ అంటూ ఉంటుంది.

యంత్రం ఒంటరిగా రాలేదు, వెనకాల పథకాన్ని వెంటబెట్టుకుని వచ్చింది. పథకం పేరు ‘సర్వజన సుఖనిద్ర’. పట్నంలో పెద్దవాళ్లు హాయిగా గ్యాసు పీల్చి నిద్రపోతుంటే, పల్లెవాళ్లు నడుములో సూది పొడిపించుకుని కళ్లప్పగించి పైకప్పు చూస్తూ పడుకోవడం ఏమిటని పైన ఎవరికో కడుపు రగిలింది. రగిలిన కడుపులోంచి ఇరవై మూడు పేజీల ఉత్తర్వు పుట్టింది. ఆపరేషన్ అనేది ఎవరికి జరిగినా గ్యాసు అంది తీరాలి. లబ్ధిదారుడు ట్యాబు మీద వేలిముద్ర వేయాలి. వేలిముద్ర పడితేనే కేసుకు నంబరు వస్తుంది, నంబరు వస్తేనే థియేటర్‌కు రక్తం, దారం, దూది కదులుతాయి. ఆరో నిబంధన ప్రకారం దివ్యాంగులకు ఒకటిన్నర వాటా.

మొదటి నెలలోనే లంకపేట నూరు శాతం సాధించింది. కుట్లు విప్పించుకోవడానికి వచ్చిన పోస్టుమాస్టరుకు కూడా గ్యాసు ఇవ్వాల్సి వచ్చింది. ఆయన లేచి గడియారం చూసుకుని, మూడు కుట్లు విప్పడానికి ఇంతసేపా అని కోప్పడి వెళ్లిపోయాడు. ఆసుపత్రి గోడ మీద ‘నూరు శాతం’ అని పెద్ద బోర్డు వెలిసింది. సూపరింటెండెంటు డాక్టర్ మృత్యుంజయరావు రోజూ పొద్దున్నే దాని ముందు ఒక్క నిమిషం నిలబడి గాని లోపలికి రావడం లేదు.

మట్టా కోటిలింగం వచ్చింది అప్పుడే.

ముప్పై రెండేళ్ల దర్జీ. చిన్నప్పటి నుంచీ తొడల్లో బలం లేదు, కుర్చీలోంచి లేవాలంటే మోకాళ్ల మీద చేతులు ఆన్చుకుంటూ మెట్లెక్కినట్టు లేస్తాడు. కుట్టుమిషన్‌కు మోటారు పెట్టించుకుని సగం లంకపేటకు జాకెట్లు కుడుతున్నాడు. హైమవతి జాకెట్లు కూడా అతనే కుడతాడు. పిత్తాశయంలో రాళ్లు చేరి రెండుసార్లు నొప్పితో మెలికలు తిరిగిపోయాడు. మూడోసారి వస్తే పిత్తాశయం చీము పట్టి ప్రాణం మీదికి వస్తుంది, నెల రోజుల్లో తీసేయాలి అన్నారు సర్జన్ గారు.

మత్తుకు ముందు అడగాల్సిన ప్రశ్నలు హైమవతి అడుగుతుంటే, అతని అక్క వరాలమ్మ ముందుకొచ్చింది.

“మా మేనమావకీ ఇలాగే తొడల్లో సత్తువ ఉండేది కాదండి. పట్నంలో ఏదో ఆపరేషన్ అని బల్లెక్కించి మొహానికి మూకుడులాంటిది పెట్టేరంటండి. గంటకల్లా ఒళ్లు పెనంలా కాలిపోయిందంటండి. ఇంటికి తెచ్చాక నేను నుదురు ముట్టుకున్నానండి. ప్రాణం పోయి అంతసేపైనా ఇంకా వెచ్చగానే ఉందండి. అప్పుడు నాకు పన్నెండేళ్లండి. ఆ వేడి నా చేతికి ఇప్పటికీ ఉందండి.”

హైమవతి కలం మూసేసింది. ఇంకేమీ అడగనక్కర్లేదని ఆవిడకు అర్థమైంది. మామూలు మనిషి కండరం గ్యాసు తగిలితే మెత్తబడి సోలిపోతుంది. కొన్ని కుటుంబాల్లో కండరం పుట్టుకతోనే వేరుగా ఉంటుంది, గ్యాసు తగిలితే రెచ్చిపోతుంది. ఒళ్లు కర్రలా బిగుస్తుంది, లోపల పొయ్యి రాజేసినట్టు వేడెక్కుతుంది, కండరం చితికి అందులోని పొటాషియం రక్తంలో కలిసి గుండెను ఆపేస్తుంది. విరుగుడు మందు ఒకటుంది గాని, ఆవిడ ఫోన్లు చేసి కనుక్కుంటే చుట్టుపక్కల మూడు జిల్లాల్లో ఎక్కడా లేదు. కాబట్టి గ్యాసు జోలికే పోకూడదు. పాలలా తెల్లగా ఉండే మందు నరంలోకి ఎక్కించి నిద్రపుచ్చొచ్చు. యంత్రం నుంచి గ్యాసు సీసా తీసేసి, గొట్టాలు మార్చి, గంటల తరబడి ఆక్సిజన్ పారించి శుభ్రం చేసుకుంటే చాలు. నిద్ర అదే, మెలకువా అదే.

“మీ తమ్ముడికి గ్యాసు ఇవ్వను. పూచీ నాది,” అంది వరాలమ్మతో.

పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఆవిడ అంత తొందరపడి మాటిచ్చింది అదొక్కసారే.

*

“గ్యాసు వద్దు అని రాయడానికి గడి లేదు హైమవతిగారూ,” అన్నాడు మృత్యుంజయరావు ట్యాబు తిప్పి చూపిస్తూ. “రెండే ఉన్నాయి. ‘ఇచ్చితిమి’, ‘అధికముగా ఇచ్చితిమి’.”

“ఇస్తే చచ్చిపోతాడండి.”

“అలా రాయడానికి కూడా గడి లేదు.”

మనిషి చెడ్డవాడు కాదు. పదవీవిరమణకు ఏడు నెలలుంది, బోర్డు మీద నూరు శాతం ఉంది, రెండూ చెక్కుచెదరకుండా ఇంటికి పోవాలని ఆయన కోరిక. పైకి రాయమన్నాడు. హైమవతి రాసింది. ఒకటి కాదు, మూడు ఉత్తరాలు. మొదటిది తప్పు శాఖకు వెళ్లింది. రెండోది సరైన శాఖకు వెళ్లి, తప్పు సైజు కాగితం మీద ఉందని తిరిగొచ్చింది. మూడోదాని మీద పథక సమన్వయాధికారి సీతాపతిరావు ఆకుపచ్చ సిరాతో ‘చూచితిని’ అని రాసి, చూసిన పాపానికి తనే స్వయంగా దిగబడ్డాడు.

సీతాపతిరావు అంతకు ముందు బియ్యం పంపిణీలో పేరు తెచ్చుకున్న మనిషి. ఆ ఇరవై మూడు పేజీలూ రాసింది ఆయనే. ఆయన నోట మాట రాదు, ఉత్తర్వే వస్తుంది.

“డాక్టరుగారూ, సదరు లబ్ధిదారుడు దివ్యాంగుడగుటచేత అతనిని పథకమునకు దూరము చేయదలచితిరని మా దృష్టికి వచ్చినది. ఇది వివక్ష. ప్రభుత్వము అతనికి ఒకటిన్నర వాటా మంజూరు చేసియుండగా మీరు సున్నా అనుచున్నారు.”

“ఆయన కండరాలకు గ్యాసు పడదండి. ఒకటిన్నర కాదు, వాసన తగిలినా ప్రమాదమే.”

“కండరములు బలహీనముగా ఉన్నందుననే కదా అధిక వాటా. బలహీనునికి బలమైన మోతాదు. ఇది పథకము యొక్క ఆత్మ.”

“పోతాడండి.”

సీతాపతిరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “వాటా అందిన పిదప లబ్ధిదారుడు మరణించినచో లక్ష్యమునకు భంగము కలుగదు. అందకమునుపు మరణించినచోనే కలుగును. మరణములు వేరే శాఖ పరిధిలోనివి.”

హైమవతికి ఒళ్లు మండిపోయింది. మామూలుగా అయితే బల్ల గుద్ది లేచిపోయేదే. కానీ ఆయన పక్కన దొంతరగా పెట్టిన ఇరవై మూడు పేజీలను చూసేసరికి ఒక అనుమానం తగిలింది. దాన్ని పైనించి కిందిదాకా చదివినవాళ్లు ఇప్పటివరకూ ఎవరైనా ఉన్నారా అని.

“ఒక్క రోజు గడువివ్వండి,” అంది చాలా వినయంగా.

ఆవిడ వినయం చూసి మృత్యుంజయరావుకు భయం వేసింది.

*

పధ్నాలుగో నిబంధన దగ్గర హైమవతి ఆగి, మళ్లీ చదువుకుని, కాఫీ తెప్పించుకుంది. సీతాపతిరావు బియ్యం ఉత్తర్వును పక్కన పెట్టుకుని, బియ్యం అన్నచోట గ్యాసు అని మార్చుకుంటూ పోయాడని తెలిసిపోతూనే ఉంది. తొమ్మిదో నిబంధనలో ‘తడవకుండా గోనెసంచులలో భద్రపరచవలెను’ అనే వాక్యం అలాగే ఉండిపోయింది. పధ్నాలుగోది ఇలా ఉంది: ‘లబ్ధిదారుడు స్వయముగా గ్యాసును స్వీకరింపలేని పక్షమున అతని నామినీ స్వీకరింపవచ్చును. రక్తసంబంధీకులకు ప్రాధాన్యము. వారు లేనిచో పథకము అమలుపరచు అధికారి స్వీకరింపవచ్చును.’

మర్నాడు ఆ పేజీని సీతాపతిరావు ముందు పెట్టింది. ఆయన తను రాసిన వాక్యాన్ని మొదటిసారి చదువుతున్నట్టు చదివి, మెల్లగా పొంగిపోయాడు.

“పథకము ఎంత దూరదృష్టితో రూపొందించబడినదో చూడుడు. ఒకరి బదులు ఇంకొకరు నిద్రించుట. రాష్ట్రములోనే ప్రథమము.”

వరాలమ్మను పిలిపించారు. సంగతి చెప్పగానే ఆవిడ ఆలోచించనైనా లేదు.

“తమ్ముడి బదులు నేను పీల్చెయ్యాలా అండి. ఎక్కడ పడుకోమంటారు చెప్పండి.”

“మీకూ పడదమ్మా,” అంది హైమవతి. “ఇది రక్తంలో వచ్చే జబ్బు. మీ మేనమామకు ఉంది, తమ్ముడికి ఉంది, మీలో కూడా ఉండొచ్చు. మీ వాళ్లెవరూ పనికిరారు.”

“మా ఆడపడుచు ఉందండి, పాపం ఒళ్లూ పై తెలీకుండా నిద్రపోద్ది.”

“రక్తసంబంధము కాదు,” అని సీతాపతిరావు కొట్టిపారేశాడు. అలా కొట్టిపారేశాక గాని, నిబంధనలో మిగిలింది ఎవరో ఆయనకు తట్టలేదు. తట్టాక కూడా వెనక్కి తగ్గలేదు. పక్కన విలేకరి ఒకడున్నాడు. అధికారి స్వయంగా పేదవాడి బదులు గ్యాసు పీల్చడం అంటే ఫొటోతో సహా పడే వార్త.

“నేనే స్వీకరింతును,” అన్నాడు. “బుధవారము. ఉదయము తొమ్మిదిన్నరకు.”

*

బుధవారం తెల్లవారుతూనే థియేటర్ అసిస్టెంటు ఏసుదాసు యంత్రాన్ని తుడవడం మొదలుపెట్టాడు. అంతసేపు ఏం తుడుస్తున్నావయ్యా అని మృత్యుంజయరావు అడిగితే, ఫొటోలో పడాలి కదండీ, మెరవాలండి అన్నాడు. యంత్రం నుంచి ఆక్సిజన్ సన్నగా బుసకొడుతూనే ఉంది. హైమవతి రెండుసార్లు వచ్చి చూసి, ఇంకా తుడు అని చెప్పి వెళ్లింది.

తొమ్మిదిన్నరకు సీతాపతిరావు బ్యానరుతో, విలేకరితో దిగాడు. లోపలికి వస్తూనే ఆయనకు వెనక ముడివేసే ఆకుపచ్చ గౌను తొడిగి బల్ల మీద పడుకోబెట్టారు. ఆ గౌనులో మనిషికి సగం హోదా పోతుంది, వెనక గాలి తగిలితే మిగతా సగం. పక్క గదిలో కోటిలింగం చక్రాల కుర్చీలో కూర్చుని, తలుపు సందులోంచి ఆ గౌను కుట్టుపని చూస్తున్నాడు.

“ప్రశ్నలు అడగాలండి,” అంది హైమవతి కాగితం తీసి. “ఎవరినైనా అడుగుతాం. పొద్దున్న ఏం తిన్నారు?”

“పెసరట్టు.”

“ఉప్మాతోనా?”

“ఉప్మాతోనే.” ఆయన గొంతు కొంచెం తగ్గింది. “తినకూడదా?”

“గ్యాసు పీల్చాక అది వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోయే అవకాశం ఉంటుంది.” రాసుకుంది. “కండరాల్లో నొప్పులు గాని, పట్టేయడం గాని?”

“లేదు. అనగా, మెట్లెక్కినప్పుడు పిక్కలు కొంచెము.”

“కొంచెమంటే?”

“పట్టేయును.”

“మీ ఇంట్లో ఎవరైనా ఆపరేషన్ బల్ల మీద, లేదా మత్తిచ్చాక హఠాత్తుగా పోయారా?”

సీతాపతిరావు విలేకరి వంక చూశాడు. విలేకరి రాసుకోవడానికి సిద్ధంగా కలం ఎత్తి పట్టుకున్నాడు.

“మా పెదనాన్నగారు,” అన్నాడు చివరికి. “పన్ను తీయించుకొనుటకు వెళ్లి. కారణము తెలియరాలేదు.”

ఏసుదాసు మాస్కు పట్టుకుని దగ్గరికొచ్చాడు. సీతాపతిరావు తల వెనక్కి తీసుకున్నాడు, దిండు అడ్డం వచ్చింది. “ఒక్క నిమిషము. ఈ గ్యాసు ఎవరికైనా పడకపోవుట ఉండునా?”

హైమవతి చెప్పింది. మూడు ఉత్తరాల్లో రాసింది, ఆయన ముందే చెప్పింది, ఒక్క మాట పెంచకుండా తగ్గించకుండా మళ్లీ చెప్పింది. ఒళ్లు బిగియడం, వేడెక్కడం, కండరం చితకడం, గుండె ఆగడం. విరుగుడు మూడు జిల్లాల్లో లేకపోవడం.

“ఈ విషయము నాకెవ్వరూ తెలియజేయలేదు,” అన్నాడు సీతాపతిరావు.

హైమవతి మూడో ఉత్తరం తీసి చూపించింది. దాని మీద ఆకుపచ్చ సిరాలో ‘చూచితిని’ అని ఉంది. ఆయన తన చేతిరాతను గుర్తుపట్టి, మాస్కును గుర్తుపట్టి, లేచి కూర్చున్నాడు.

“ట్యాబు తెండి. ఇరవై రెండవ నిబంధన మేరకు అత్యవసర సవరణ చేయు అధికారము నాకు కలదు.”

బల్ల మీద కూర్చునే, గౌను వెనకభాగాన్ని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో టైపు చేశాడు. మూడు వారాలుగా కదలని ప్రభుత్వం నాలుగు నిమిషాల్లో కదిలింది. ‘నామినీగా వ్యవహరించు వ్యక్తి యొక్క కండరముల విషయమున సందేహమున్నచో, గ్యాసు పీల్చుట నుండి మినహాయింపు ఇవ్వడమైనది. వాటా అందినట్లే పరిగణింపబడును. తక్షణము అమలు.’ ట్యాబులో ‘ఇచ్చితిమి’, ‘అధికముగా ఇచ్చితిమి’ కింద మూడో గడి మొలిచింది.

“లబ్ధిదారుడికీ ఇది వర్తిస్తుందా అండి?” అంది హైమవతి.

“వర్తించదు. లబ్ధిదారునికి మినహాయింపు విధాన నిర్ణయము, రాజధాని నుండి రావలెను. ఇది నామినీలకు మాత్రమే. నామినీగా నేను తప్పుకొంటిని, వేరొకరిని చూచుకొనుడు.” ఆయన అప్పటికే కాళ్లు కిందికి దించి చెప్పులు వెతుక్కుంటున్నాడు. తను బతికి బయటపడితే ఆయన దృష్టిలో పథకం బతికినట్టే.

ఆ మాట విని హైమవతికి నిజంగా కళ్లనీళ్లు తిరిగాయి. ఇంత చేసి ఈ మనిషి తన ముక్కు ఒక్కటే కాపాడుకున్నాడు. పక్క గదిలో కుర్చీలో ఉన్నవాడికి రాత్రే నొప్పి మొదలైంది, కళ్లు పచ్చబడ్డాయి, పళ్ల బిగువున ఆపుకుంటున్నాడు. ఆవిడ కళ్లు తుడుచుకుని ట్యాబు అందుకుంది.

“నామినీగా ఎవరుండొచ్చు?”

“రక్తసంబంధీకుడైన వయోజనుడు ఎవరైననూ, నామినీగా ఇదివరకే తిరస్కరింపబడినవారు తప్ప.”

“అయితే మట్టా కోటిలింగం గారికి నామినీ మట్టా కోటిలింగం గారు. ఆయనకంటే దగ్గరి రక్తం ఆయనకు ఇంకెవరిదుంటుంది.”

సీతాపతిరావు ఒక చెప్పు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని, ఇరవై మూడు పేజీలనూ మనసులో తిరగేశాడు. కాదంటే తన పథకంలో లోపం ఉందని ఒప్పుకోవాలి, లేదా నామినీగా బల్ల మీద మళ్లీ పడుకోవాలి. మాస్కు ఇంకా ఏసుదాసు చేతిలోనే ఉంది.

“నిషేధము ఎచటనూ కనబడుట లేదు,” అన్నాడు.

కోటిలింగం కుర్చీని లోపలికి తోసుకొచ్చారు. లబ్ధిదారుడిగా కుడి బొటనవేలు, నామినీగా ఎడమ బొటనవేలు వేశాడు. నామినీకి లబ్ధిదారుడితో సంబంధం ఏమిటని ట్యాబు అడిగింది.

“చిన్నప్పటి నుంచీ తెలుసని రాయండమ్మగారూ,” అన్నాడు కోటిలింగం నొప్పిలోనే నవ్వుతూ.

నంబరు వచ్చింది. దారం, దూది, రక్తం కదిలాయి. సీతాపతిరావు వెళ్లిపోయాక ఏసుదాసు అలమర తలుపు తీసి, తువ్వాల కప్పి దాచిన గ్యాసు సీసాను మృత్యుంజయరావుకు చూపించాడు. తెల్లవారుజాము నుంచీ అది అక్కడే ఉంది. గొట్టాలన్నీ కొత్తవి, యంత్రంలో ఉన్నదంతా ఆక్సిజనే. సీతాపతిరావు గుండె దిటవు చేసుకుని మాస్కు పెట్టించుకుని ఉంటే ఆయనకు అందేది కాస్త ఆరోగ్యం మాత్రమే. మృత్యుంజయరావు సీసా వంక చూసి, హైమవతి వంక చూసి, తలుపు తనే మూసేశాడు.

“నేను చూడలేదు,” అన్నాడు. ఆ ఏడాది ఆయన చేసిన వైద్యం అదే.

*

తెల్లమందు నరంలోకి ఎక్కింది. కోటిలింగం నిద్రపోయాడు. గంటన్నర సేపు హైమవతి కళ్లు అతని ఉష్ణోగ్రత చూపే అంకె మీదే ఉన్నాయి. ముప్పై ఆరున్నర. ముప్పై ఆరున్నర. ముప్పై ఆరు పాయింట్ ఆరు అన్నప్పుడు ఆవిడ లేచి నిలబడింది, అంకె మళ్లీ అయిదుకు దిగాక కూర్చుంది. సర్జన్ గారు రాళ్లు తీసి గిన్నెలో వేసిన చప్పుడు కూడా ఆవిడ వినలేదు.

అతను కళ్లు తెరిచాక వరాలమ్మను లోపలికి రానిచ్చారు. ఆవిడ తిన్నగా వెళ్లి తమ్ముడి నుదుటి మీద చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి తీయకుండా అలాగే నిలబడిపోయింది.

“చల్లగా ఉందండి,” అంది కాసేపటికి, ఎవరితోనూ కాకుండా.

హైమవతి తల అటు తిప్పుకుంది. ముప్పై ఏళ్లుగా ఆ చేతిలో ఉన్న వేడి ఇవాళ దిగిందని ఆవిడకు తెలుసు.

ఇంతలో వరాలమ్మ కొంగుముడిలో ఉన్న తమ్ముడి ఫోను మోగింది. విప్పి చూసి, చదవడం రాక హైమవతికి ఇచ్చింది. ‘ప్రియమైన లబ్ధిదారు, మీ ఒకటిన్నర వాటా గ్యాసు మీకు విజయవంతముగా అందినది. మీకు సంతృప్తి కలిగినచో 1 నొక్కండి. కలగనిచో 2 నొక్కండి.’

“ఏది నొక్కమంటారండి?” అంది వరాలమ్మ. “అబద్ధం కదండి, పీల్చలేదు కదండి మా వాడు.”

“ఒకటి నొక్కండమ్మా, తొందరగా,” అంది హైమవతి. “రెండు నొక్కితే మళ్లీ ఇస్తారు.”